కోయకూడని చోటు

1830 ప్రాంతంలో వ్యుర్ట్స్‌బుర్గ్ పట్టణంలో బెర్న్‌హార్డ్ హైనె అనే ఆయన డాక్టర్ల కోసం ఒక పనిముట్టు తయారుచేశాడు. వైద్య పరికరాలు చేయడం ఆ కుటుంబం వృత్తి. సన్నటి లోహపు పట్టీ అంచు వెంట పళ్లున్న గొలుసు, దాన్ని తిప్పడానికి చేతి పిడి. పేరు ఆస్టియోటోమ్, పని ఎముకలు కోయడం. మత్తుమందు ఇంకా ఆపరేషన్ గదిలోకి రాని కాలమది. ఉలి పెట్టి సుత్తితో కొడితే ఎముక పెచ్చులు లేచేది. మామూలు రంపం ముందుకూ వెనక్కూ ఆడితే పక్కనున్న కండ నలిగిపోయేది. ఎముకను కోయడం ఎవరికైనా చేతనవుతుంది. చుట్టూ ఉన్న కండనూ నరాన్నీ ముట్టుకోకుండా కోయడం ఎలాగన్నదే హైనె పట్టుకున్న చిక్కు.

చెట్లు కోసే మోటారు రంపం అడవికి చేరడానికి ఆ తర్వాత దాదాపు వందేళ్లు పట్టింది. రెండిటికీ నేరుగా చుట్టరికం కలపలేం. అయినా మోటారు రంపం పట్టడం నేర్చుకున్నాక నాకు హైనె తరచూ గుర్తొస్తుంటాడు. ఆ శిక్షణలో చెప్పినదాంట్లో ముప్పాతిక వంతు ఏది కోయకూడదో, ఎప్పుడు కోయకూడదో, ఎక్కడ నిలబడి కోయకూడదో అన్నదే. కోసేది కాస్తే.

మేముండేది స్టట్‌గార్ట్ పక్కన చిన్న ఊళ్లో. 2022లో రష్యా గ్యాసు ఆగిపోతుందన్న భయం పట్టుకున్నప్పుడు జర్మనీ అంతా కట్టెల కోసం ఎగబడింది. మా ఇంట్లోనూ ఒక కట్టెల పొయ్యి ఉంది, అలంకారానికి ఉన్నట్టు ఉండేది. పక్కింటి పెద్దాయన మాత్రం ఎన్నో ఏళ్లుగా తన కట్టెలు తానే అడవి నుంచి తెచ్చుకుంటాడు. ఇక్కడ ప్రభుత్వ అడవిలోనో, ఊరి అడవిలోనో అటవీ అధికారి కొంత కలపకు గుర్తులు పెట్టి అమ్ముతాడు. ఎక్కువగా పెద్ద చెట్లు కొట్టాక మిగిలిన తలకొమ్మలు, దారి పక్కన పేర్చిన దుంగలు. డబ్బు కట్టి, మనమే కోసుకుని, మనమే మోసుకుపోవాలి. అలా కోసుకోవాలంటే మోటారు రంపం శిక్షణ పొందినట్టు పత్రం చూపించాలి. ఒకరోజు పాఠం, ఒకరోజు అడవిలో అభ్యాసం.

ఫోనులో చెబితే అమ్మ నవ్వింది. "కట్టెలు కొట్టడానికి కోర్సేమిట్రా? సర్టిఫికెట్ ఏమిట్రా?"

ఇందులో వింత మరొకటుంది. రంపం కొనడానికి మాత్రం ఏ పత్రమూ అక్కర్లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో పూలకుండీల వరస దాటాక వరసగా వేలాడుతుంటాయి. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకుని మన పెరట్లో చెట్టు మీద పెడితే పత్రం అడిగేవాళ్లుండరు. అంతా జర్మన్ క్రమశిక్షణే అనుకుంటాం గానీ, ఈ పత్రం పట్టుదల అడవి యజమానిదీ, బీమావాళ్లదీ, అడవికి ధ్రువీకరణ ఇచ్చే సంస్థలదీ. పెరట్లో ఎవడి వేలు వాడిదే.

అడవిలో అభ్యాసం రోజున శిక్షకుడు రంపం తీయనే లేదు, చాలాసేపు. ముందు చెట్టు తల చూడమన్నాడు. ఎండిన కొమ్మలున్నాయా, పక్క చెట్టుతో చిక్కుకుందా, ఏ వైపు బరువు వాలి ఉంది. తర్వాత, చెట్టు పడే వైపుకు వెనకగా, ఏటవాలుగా, మనం తప్పుకునే దారి ఎంచుకోమన్నాడు. ఎంచుకోవడంతో సరిపోదు, ఆ దారిలోని ముళ్లపొదలు, విరిగిన కొమ్మలు ముందే తీసి శుభ్రం చేయాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరం లోపు మరో మనిషి ఉండకూడదు. చుట్టూ చూసి గట్టిగా అరవాలి. ఇదంతా అయ్యాకే రంపానికి పని.

ఆ పని కూడా ఇలా. చెట్టు పడాల్సిన వైపు మొదట ఒక గాటు పెడతాం, దుంగ మందంలో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా లోపలికి. తర్వాత వెనక వైపు నుంచి, గాటు కన్నా కాస్త పైన, అడ్డంగా కోసుకుంటూ వస్తాం. గాటును చేరకముందే ఆగిపోవాలి. మందంలో సుమారు పదో వంతు ఒక పట్టీలాగా, కోయకుండా అడ్డంగా వదిలేయాలి. ఆ పట్టీయే తలుపు బందులా పనిచేసి చెట్టును మనం అనుకున్న వైపుకు నెమ్మదిగా వాలుస్తుంది. దాన్ని కూడా కోసేశామా, టన్నుల బరువున్న మాను మొద్దు మీద ఊరికే కూర్చుని ఉంటుంది. ఎటు పోతుందో దాని ఇష్టం. అరమీటరు మందం ఉన్న చెట్టులో మన ప్రాణం ఐదు సెంటీమీటర్ల కోయని చెక్కలో ఉంటుంది.

పెద్ద చెట్టు మీద ఆయన కోసి చూపించాడు, మా చేత చిన్న చెట్ల మీద చేయించాడు. కింద పడిన చెట్టును వదిలి, అందరినీ మొద్దు చుట్టూ నిలబెట్టి, ఆ విరిగిన పట్టీని స్కేలు పెట్టి కొలిపించాడు. ఒక చివర మందంగా, ఇంకో చివర సన్నంగా ఉంటే ఎవరి చెయ్యి ఎటు వాలిందో చెప్పేవాడు. చెట్టు సరైన చోట పడినంత మాత్రాన మార్కులు వేసేవాడు కాదు. "అదృష్టం కొద్దీ కూడా అక్కడే పడొచ్చు. మొద్దు చూసి చెప్పాలి" అన్నాడు.

నిజానికి మనవాళ్లకు ఇది తెలియనిదేమీ కాదు. గొడ్డలితో చెట్టు కొట్టే మనిషి కూడా పడే వైపు ముందు గాటు పెడతాడు. పైన మోకు కట్టి ఇద్దరు దూరం నుంచి లాగుతారు. కొట్టేవాడు చెవి ఒగ్గి వింటాడు కూడా. పడబోయే చెట్టు లోపల కిర్రుమంటుంది. ఆ చప్పుడుకు గొడ్డలి వదిలేసి పక్కకు దూకుతాడు. నాకెప్పుడూ అనిపిస్తుంది, గొడ్డలికీ మోటారు రంపానికీ ఉన్న అసలు తేడా వేగం కాదని. దెబ్బకూ దెబ్బకూ మధ్య గొడ్డలి ఒక నిశ్శబ్దం ఇస్తుంది, అందులో చెట్టు మాట్లాడుతుంది. మోటారు రంపం రొదలో, చెవులకు తొడుగు పెట్టుకున్నవాడికి, చెట్టు ఏం చెప్పినా వినిపించదు. పోగొట్టుకున్న ఆ చెవికి బదులుగానే ఇన్ని నియమాలు పుట్టాయని నా అనుమానం. చెవితో పట్టుకోలేనిదాన్ని కంటితో, కొలతతో, ముందే శుభ్రం చేసుకున్న దారితో పట్టుకోవాలి. మన ఊళ్లలో జరిగిందేమిటంటే, గొడ్డలి పోయి యంత్రం వచ్చింది గానీ, ఆ బదులు రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక విశాఖలో రోడ్లకడ్డంగా పడిన చెట్లను పవర్ సాలతో కోస్తున్న ఫోటోలు మళ్లీ ఒకసారి తీసి చూడండి. పనివాళ్ల కాళ్ల వైపు చూడండి, రంపం వైపు కాదు.

పడిపోయిన చెట్టు సులువనుకుంటాం. అదే ఎక్కువ ప్రమాదం. నిలబడ్డ చెట్టు బరువు ఎటుందో కళ్లకు కనబడుతుంది. గాలికి కూలి, ఒకదాని మీద ఒకటి పడి, వంగి ఇరుక్కున్న మాను ఎక్కుపెట్టిన విల్లే. ఒక పక్క సాగి, ఒక పక్క నలిగి ఉంటుంది. సాగిన వైపు ముందు రంపం పెడితే తటాలున చీలి లేస్తుంది. నలిగిన వైపు ముందు కొంచెం కోసి, తర్వాత సాగిన వైపు కోయాలి. వేళ్లతో సహా లేచిపోయిన చెట్టయితే, మాను కోయగానే ఆ వేళ్ల గడ్డ మట్టితో సహా ధబీమని వెనక్కి పడి మళ్లీ నిలబడవచ్చు. దాని వెనక ఎవరైనా ఉంటే ఇక చెప్పేదేముంది. 1999 డిసెంబరు 26న లోథార్ అనే తుఫాను గాలి ఈ రాష్ట్రం మీద నుంచి పోయింది. ఒక్క బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లోనే దాదాపు 3 కోట్ల ఘనపు మీటర్ల కలప నేలకూలింది. గాలికి పోయిన ప్రాణాలు కొన్నయితే, తర్వాత ఆ చెట్లను కోసి తీస్తూ పోయిన ప్రాణాలు మరికొన్ని. పక్కింటి పెద్దాయన ఆ చలికాలం గురించి మాట్లాడవలసి వస్తే మాట మారుస్తాడు.

రంపం సంగతి. 1926లో ఆండ్రెయాస్ స్టీల్ స్టట్‌గార్ట్‌లో కంపెనీ పెట్టి కరెంటుతో నడిచే గొలుసు రంపం తెచ్చాడు. మరుసటేడు ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపాన్ని తురింగియాలోని డోల్మార్ కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరే తన యంత్రాలకు పెట్టుకున్నాడు. అప్పటి రంపాలు ఇద్దరు పట్టుకుంటే గానీ లేచేవి కావు. ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు. 1950లో స్టీల్ ఒక్కడే పట్టుకోగల పెట్రోలు రంపం తెచ్చింది, బరువు 16 కిలోలు. 1959లో వచ్చిన కాంట్రా 12 కిలోలు, ఆరు గుర్రాల శక్తి. అడవి పని రూపమే మారిపోయింది. ఈ చరిత్రను అందరూ బరువు తగ్గిన కథగా చెబుతారు. నాకు అందులో రెండో మనిషి మాయమైన కథ కనబడుతుంది. ఇద్దరు మోసే రంపంతో ఒంటరిగా ప్రమాదంలో పడడం కుదరదు; ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడు పక్కనే ఉంటాడు. యంత్రం ఆ రెండోవాణ్ణి ఇంటికి పంపేసింది. నియమం మళ్లీ పిలిచి నిలబెట్టింది: మోటారు రంపంతో ఒంటరిగా పని చేయకూడదు, చూపు మేరలోనో పిలుపు మేరలోనో ఇంకో మనిషి ఉండి తీరాలి. ఆ రెండోవాడు ఏమీ కోయడు. చలిలో చేతులు నలుపుకుంటూ నిలబడతాడు, అంతే. నేను తొలిసారి అడవికి పోయింది ఆ ఏమీ కోయని మనిషిగానే. పెద్దాయనకు తోడుగా.

అడవి దారుల్లో ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల సిలువ, కింద ఒక నంబరు కనిపిస్తాయి. 112కి ఫోను చేసి ఆ నంబరు చెబితే అంబులెన్సు నేరుగా అక్కడికి వస్తుంది. పని మొదలుపెట్టే ముందు దగ్గరి బోర్డు నంబరు చదివి జేబులో రాసిపెట్టుకోమంటారు. రక్తం కారుతున్నప్పుడు 'పెద్ద బీచ్ చెట్టు దాటాక ఎడమ చేతి వైపు' అని దారి చెప్పే ఓపిక ఎవరికుంటుంది?

ఇక దుస్తులు. ముఖానికి జాలీ, చెవులకు తొడుగు ఉన్న హెల్మెట్, గట్టి బూట్లు, చేతి తొడుగులు, దూరానికి కనబడే రంగు చొక్కా. వీటిలో నన్ను అబ్బురపరచింది ప్యాంటు. రంపం కాళ్లను ముట్టినా తెగని బట్ట అయ్యుంటుందని ఊహించుకున్నాను. తీరా చూస్తే అది చాలా సులువుగా తెగుతుంది. పై గుడ్డ తెగగానే లోపల పొరలుగా పరచిన పొడవాటి దారాలు బయటికొచ్చి గొలుసుకు చుట్టుకుంటాయి. గొలుసుతో పాటు ఇంజను దగ్గరున్న పళ్ల చక్రంలోకి పోయి, దాన్ని బిగించి, క్షణంలో ఆపేస్తాయి. మొదటి తరగతి ప్యాంటును సెకనుకు 20 మీటర్ల గొలుసు వేగానికి పరీక్షిస్తారు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. ఒకసారి దెబ్బ తిన్న ప్యాంటు మళ్లీ వేసుకోకూడదు, కుట్టించుకోకూడదు. కవచమంటే కర్ణుడిలా ఏ బాణానికీ చిరగనిదని మన లెక్క. ఇది చిరిగిపోతూ కాపాడే కవచం. ఇలాంటిది కనిపెట్టడానికి బలం మీద నమ్మకం పోయి ఉండాలి ఎవరికో.

ఆ అపనమ్మకమే రంపమంతటా కనబడుతుంది. గొలుసు తిరిగే లోహపు పట్టీ కొసన పైభాగం చెక్కకు తగిలితే రంపం ఎగిరి మొహం మీదికొస్తుంది. మనిషి ఉలిక్కిపడేలోపే అయిపోతుంది. అందుకే ముందు పిడి దగ్గర చేతికి అడ్డంగా ఒక రెక్క. విసురుకు అది ముందుకు పడి గొలుసును బిగబడుతుంది. ఎడమ బొటనవేలు పిడి కింద నుంచి చుట్టి ఉండాలి. భుజం ఎత్తు దాటి కోయకూడదు. పట్టీ తిన్నగా ముందుకు పోతే ఎక్కడికొస్తుందో ఆ గీత మీద తల ఉండకూడదు. రెండు మీటలూ కలిపి నొక్కితే గానీ గొలుసు తిరగదు. తయారుచేసినవాళ్లు మన నేర్పును లెక్కలోకే తీసుకోలేదని అర్థమవుతుంది. మనం అలసిపోతామని, జారుతామని, ఆదమరుస్తామని ముందే అనుకుని చేశారు. మొదట్లో కాస్త చిన్నతనంగా ఉంటుంది. తర్వాత అంతకన్నా మర్యాద ఏముంటుందనిపిస్తుంది.

ఎప్పుడు కోయకూడదన్నది ఇంకో పెద్ద అధ్యాయం. ఇళ్ల మధ్య ఆదివారాలూ పండగలూ రంపం ఎత్తకూడదు. మామూలు రోజుల్లో రాత్రి 8 నుంచి ఉదయం 7 దాకా కూడదు. మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా, అడవికీ తోటలకూ బయట ఉన్న చెట్లనూ కంచె పొదలనూ నరకకూడదు. పక్షులు గూళ్లు కట్టుకునే కాలం. ఆయుధపూజ రోజు పనిముట్లకు బొట్టు పెట్టి ముట్టుకోకుండా ఉంచే అలవాటు మాది కాబట్టి నాకీ నిషేధాలు కొత్తగా అనిపించలేదు. ఒక దసరాకు పెద్దాయన రంపం అడిగి తెచ్చి కుంకుమ పెట్టాం. గొలుసు నూనెకు కుంకుమ పడుతుందా అని మాత్రమే అడిగాడు.

అయితే 'కోయకూడదు' అనే మాట ఎవరు, ఎవరితో అంటున్నారన్నది చూడకుండా దీన్ని పొగడలేను. బాన్ నగరంలో 1824లో పుట్టిన డీట్రిష్ బ్రాండిస్ బర్మాలో పెగూ టేకు అడవుల బాధ్యతకు 1856లో వచ్చాడు. గీత గీసినట్టు అడవిలో పోతూ చెట్లను చుట్టుకొలత వారీగా లెక్కపెట్టి, ఏడాదికి ఎన్ని కోయవచ్చో, ఎన్నింటిని వదలాలో తేల్చాడు. 1864లో భారతదేశానికి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయ్యాడు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ష్లిష్, రిబ్బెన్‌ట్రాప్ కూడా జర్మన్లే. మన అటవీశాఖ పునాదిలో జర్మన్ లెక్క ఉంది. ఆ లెక్క చట్టంగా మారి, 1882 మద్రాసు అటవీ చట్టం రూపంలో గోదావరి ఏజెన్సీకి చేరేసరికి, అడవి కాపాడడం అంటే కొండరెడ్లనూ కోయలనూ పోడు నుంచి తోలేయడం అయింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక నడిచిన మన్యం కోపంలో అటవీ ఆంక్షల భాగం తక్కువేం కాదు. బ్రాండిస్ పల్లెల హక్కుల పక్షాన వాదించినవాడేనని చరిత్రకారులు రాశారు. ఆ వాదన ఓడిపోయింది. కోయని చెక్క చెట్టును నడిపిస్తుంది, నిజమే. గాటు ఎటు పెట్టాలో నిర్ణయించేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడన్నది మొద్దు చూస్తే తెలియదు.

జర్మనీలో కూడా ఈ గొడవ తీరలేదు. 1970లో మొదలైన బవేరియన్ ఫారెస్ట్ ఈ దేశపు మొదటి జాతీయ ఉద్యానం. 1983లో గాలివానకు అక్కడ చెట్లు కూలినప్పుడు, వాటిని తీయకుండా అలాగే వదిలేయాలని మంత్రి హన్స్ ఐజెన్‌మన్ నిర్ణయించాడు. తర్వాత బెరడు పురుగు వచ్చింది, వేల హెక్టార్ల స్ప్రూస్ చెట్లు నిలువునా ఎండిపోయాయి. తరతరాలుగా అడవిని ఊడ్చి శుభ్రంగా ఉంచుకున్న చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మండిపడ్డారు. ఎండిన మానుల కింద నుంచి కొత్త అడవి తనంతట తాను లేచింది. మా వైపు బ్లాక్ ఫారెస్ట్‌లో, లోథార్ కూల్చిన చోట సుమారు 10 హెక్టార్లు ముట్టుకోకుండా వదిలి, మధ్యలో చెక్క నడవ వేశారు. లోథార్‌ప్ఫాడ్ అంటారు. పిల్లలు ఎగబడతారు.

2018 నుంచి వరసగా వచ్చిన కరువుల్లో పురుగు మళ్లీ విజృంభించింది. 2018 జనవరి నుంచి 2021 ఏప్రిల్ దాకా దాదాపు 5 లక్షల హెక్టార్ల చెట్లు పోయాయని జర్మన్ అంతరిక్ష సంస్థ ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కగట్టింది. అడవిలో ఇంచుమించు ఇరవయ్యో వంతు. ఎండిన చెట్టు మోటారు రంపానికి కొత్త శత్రువు. చెట్టును వాల్చడానికి కోతలోకి దిగగొట్టే చీలల మీద సుత్తి దెబ్బ పడిన అదురుకే పైకొమ్మ విరిగి కోసేవాడి నెత్తిన పడుతుంది. అలాంటివాటిని చేత్తో కొట్టవద్దనీ, దూరం నుంచి తాడుతోనో, రిమోటు చీలతోనో పడగొట్టమనీ ఇప్పుడు నేర్పుతున్నారు. శిక్షకుడు ఒక ఎండు స్ప్రూస్ కింద మమ్మల్ని నిలబెట్టబోయి, పైకి చూసి, ఇంకా దూరంగా తీసుకుపోయాడు. ఆ చెట్టు గురించి అంతకు మించి ఏమీ చెప్పలేదు.

మా పెద్దాయనకు మాత్రం వదిలేయడమంటే ఒళ్లు మంట. మా ఊరి అడవిలో ఎండిన బీచ్ ఒకటుంది, వడ్రంగి పిట్టలు తొలిచిన బొరియలు నిండా ఉన్నాయి. పిట్టల కోసం ఉంచేయాలని అటవీ అధికారి దానికి గుర్తు వేశాడు. దాని పక్క నుంచి వెళ్లిన ప్రతిసారీ ఆయన ఆగి, మానును చేత్తో తట్టి, లెక్క వేస్తాడు: "రెండు చలికాలాలు. తక్కువలో తక్కువ."

"పిట్టలున్నాయి కదండీ."

"పిట్టలకు ఇంకో చెట్టు దొరకదా? మొన్న అధికారితో అదే అన్నాను."

"ఏమన్నాడు?"

"పత్రం చూపించమన్నాడు." నవ్వాడు. "నాకు పత్రం ఇచ్చినప్పుడు ఈ అధికారి ఇంకా బడికి పోతున్నాడు."

ఈసారి మా వాటాకు వచ్చిన కుప్పలో ఎక్కువ ఓక్. రెండేళ్లు ఆరితే గానీ మండదు. పేర్చేటప్పుడు బెరడు పైకి ఉండాలని ఆయన, కిందికి ఉండాలని ఎదురింటావిడ.